ఓటు కోసం వాదించినవాళ్లు జడ్జీలు కావాలి

కోర్టు మెట్లెక్కడమంటే మన ఇళ్లలో ఇప్పటికీ ఇల్లు గుల్ల కావడమే. ఇళ్లలో మొదటి డిగ్రీ పట్టా అందుకున్న మేము కూడా ఆ భయంతోనే పెరిగాం. అందుకే హాస్టల్లో ఏమవుతావంటే గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ అంటారు గానీ జడ్జినవుతాననే మాట అరుదు. ఆ మాట మనం అనాలన్నదే మా అభిప్రాయం.

ఓటు మనకు ఎవరో దానంగా ఇచ్చింది కాదు. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు, 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ దాని కోసం వాదించారు. రాజ్యాంగం 326వ అధికరణంలో అందరికీ ఓటు రాసింది. రాసినదానికి అర్థం చెప్పేది మాత్రం జడ్జీలే.

అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తులు, చదువు తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని సుప్రీంకోర్టు 2002 మేలో చెప్పింది. దాన్ని నీరుగార్చుతూ ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. 2003 మార్చిలో ఆ సవరణను కొట్టేసిన ధర్మాసనంలో మన తెలుగువారు జస్టిస్ పి. వెంకటరామరెడ్డి ఉన్నారు. ఓటు హక్కు కనీసం రాజ్యాంగపరమైన హక్కేనని, ఓటు వేసే స్వేచ్ఛ భావప్రకటనలో భాగమని ఆయన రాశారు. 2013లో 'నోటా' తీర్పుకు ఆ మాటే ఆధారమైంది.

అమెరికాలో డేల్ హో ఏళ్ల తరబడి ఓటు హక్కుల కేసులే వాదించిన లాయరు. జనాభా లెక్కల్లో పౌరసత్వ ప్రశ్న పెట్టకూడదని 2019లో అక్కడి సుప్రీంకోర్టులో వాదించారు. 2021లో ఆయనను ఫెడరల్ జడ్జిగా ప్రతిపాదిస్తే, ఒక పక్షం కోసం పోరాడినవాడు నిష్పక్షపాతంగా ఎలా ఉంటాడని ప్రత్యర్థులు అడ్డుపడ్డారు. 2023 జూన్‌లో 50–49 ఓట్లతో గట్టెక్కారు. జీవితమంతా కంపెనీల తరఫున, ప్రభుత్వాల తరఫున వాదించినవాళ్లు జడ్జీలైతే ఈ ప్రశ్న ఎవరూ అంత గట్టిగా అడగరే! పేదల వకాల్తా పట్టినవాడికేనా ఈ పరీక్ష? దళిత కుటుంబంలో పుట్టిన కె. పున్నయ్య లాయరై, శాసనసభ్యుడై, హైకోర్టు జడ్జి అయ్యారు. తర్వాత అంటరానితనంపై కమిషన్‌కు నాయకత్వం వహించారు. బతుకు తెలిసినంత మాత్రాన న్యాయం వంకరపోదు.

దారి ఉంది. హైకోర్టు జడ్జికి పదేళ్లు, నేరుగా జిల్లా జడ్జికి ఏడేళ్లు ప్రాక్టీసు కావాలి. సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అనుభవం అవసరమే, కాదనం. కానీ సీనియర్ దగ్గర జీతం లేకుండా ఫైళ్లు మోసే ఆ మూడేళ్లు మీర్‌పేట్‌లో గది అద్దె ఎవరు కడతారు? ఎల్బీనగర్ కోర్టు మనకు దగ్గరే. దూరమంతా ఈ మూడేళ్లలోనే ఉంది.

కాబట్టి మేము కోరేది రెండే. అద్దెకు, తిండికి సరిపడే స్టైపెండు ప్రభుత్వం జూనియర్ లాయర్లకు మూడేళ్లూ ఇవ్వాలి. ఉద్యోగాల్లో స్థిరపడిన మన పూర్వ విద్యార్థులు ఏటా ఒక్క లా విద్యార్థికైనా అండగా నిలవాలి.

తమ్ముళ్లూ, పద్దెనిమిది నిండగానే ఓటరుగా పేరు రాయించుకోండి. లాసెట్ కూడా రాయండి. ఓటు వేసే చేతులు మన దగ్గర చాలా ఉన్నాయి. తీర్పు రాసే చేతులే కావాలి.