వైద్యము ఊరిలోనే మొదలు కావలెను



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో సాలుకు పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదను తప్పిన వేరుసెనగ పండదు. ఆ అదనులో ఇంటివారొకరు పది దినములు మంచము పట్టిన, ఆ యేటి సేద్యము చెడినట్లే. కావున ఆరోగ్యమును విత్తనము, ఎరువులతో సమానముగా ఎంచవలెను.

మనకు పెద్ద ఆసుపత్రులు లేకపోలేదు. 1991లో పుట్టపర్తిలో ఉచిత వైద్యమునకు పెద్ద ఆసుపత్రి వెలసినది. 108 వాహనము మన రాష్ట్రములో 2005లో ప్రారంభమైనది. ఐనను ఆసుపత్రికి పోయిన దినమున కూలి పోవును, బస్సు ఖర్చు మీదపడును. అందుచే "రేపు చూతము" అని వాయిదా వేయుదుము. జబ్బు ముదురుట అక్కడనే.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రి కట్టుటకు ముందే పల్లెలలో ఆరోగ్య కార్యకర్తలను తయారుచేసినది. ఆ వరుస సరియైనది. ప్రభుత్వ నిబంధన ప్రకారము మైదాన ప్రాంతములలో 5,000 జనాభాకొక ఉపకేంద్రము, 30,000 జనాభాకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెను. రక్తపు పోటు, మధుమేహము, గర్భిణుల రక్తహీనత, క్షయ తొలిదశలో బయటపడవలసినది ఉపకేంద్రములోనే.

పొలములోని ఆపదలకు ఊరి వారి తెలివియే మొదటి మందు. పాము కరచినచో కట్టు బిగించరాదు, గాటు పెట్టరాదు, నాటువైద్యమునకై కాలము వృథా చేయరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషమునకును విరుగుడు మందు ఒక్కటే. పురుగుమందు ఒంటిపై పడినచో బట్టలు విప్పి సబ్బుతో కడిగి, మందు డబ్బాను కూడ డాక్టరుకు చూపవలెను.

నా అభిప్రాయములో, వ్యవసాయ సిబ్బంది ఊరికి వచ్చు దినముననే ఆరోగ్య సిబ్బందియు రావలెను. ఒకే రచ్చబండ వద్ద పైరును, మనిషిని చూచినచో రైతుకు కూలి నష్టము లేదు. ఇందుకు క్రొత్త భవనములు అక్కరలేదు. రెండు శాఖలు ఒక తేదీని నిర్ణయించుకొనిన చాలును. ఈ కోరికను మీ గ్రామసభలో తీర్మానముగా పెట్టుడు. పైరుకు తెగులు సోకకముందే జాగ్రత్తపడు రైతు తన ఒంటి విషయములో ఏల ఆలస్యము చేయవలెను?