హాలండ్ చట్టం వాదసభలో పుట్టలేదు

లా విద్యార్థులు కల్పిత దావాల మీద వాదించే మూట్ కోర్టుల గొప్పదనం చెప్పాలనుకునేవారికి ఐరోపాలో ఒక తాతగారు కావాలి. వెతికితే డచ్చి విశ్వవిద్యాలయాల డిస్ప్యుటేషన్ దొరుకుతుంది. 17వ శతాబ్దంలో లైడెన్, ఫ్రానెకర్, ఉట్రెక్ట్‌లలో లా విద్యార్థులు నిండు సభలో నిలబడి తమ ప్రతిపాదనలను సమర్థించుకునేవారట. అలా వాదించబట్టే డచ్చి న్యాయవేత్త గ్రోషియస్ వంటివాడు తయారయ్యాడట, రోమన్-డచ్ న్యాయం అక్కడే పుట్టిందట, మనమూ అదే బాట పట్టాలట. ఈ పొగడ్తల్లో ఎప్పుడూ కనిపించని సంవత్సరం ఒకటుంది. అది 1631.

ముందు ఆ సభ సంగతి చూద్దాం. పై వేదిక మీద అధ్యక్షుడిగా ప్రొఫెసర్, కింది వేదికలో విద్యార్థి. ముందే అచ్చువేసి పంచిన చిన్న పుస్తకం శ్రోతల చేతుల్లో. ముఖపత్రం మీద గురుశిష్యులిద్దరి పేర్లు, లోపల బంధువులకూ ఊరి పెద్దలకూ అంకితాలు, చివర స్నేహితుల అభినందన పద్యాలు. నడుమ రోమన్ చక్రవర్తి జస్టీనియన్ సంహితల నుంచి తీసిన అంశం మీద నంబర్లు వేసిన ప్రతిపాదనలు. అంతా లాటిన్. వాటిని రాసింది విద్యార్థా, గురువా అన్నది చాలాచోట్ల తేలదు. ఒక్కో విద్యార్థి చేత ఒక్కో అధ్యాయం వాదింపజేసి, ఆనక అన్నీ కలిపి తమ పేరునే గ్రంథంగా వేసుకున్న ప్రొఫెసర్లూ ఉన్నారు. డిగ్రీ కోసం చేసే వాదమైనా బహిరంగంగానే జరగాలని లేదు. ఖర్చుకు వెనుకాడినవారు సెనేట్ గదిలోనే పని కానిచ్చుకునేవారు.

గ్రోషియస్‌ను తయారుచేసింది ఈ సభేనా? 1594లో, 11 ఏళ్లకే లైడెన్‌లో చేరిన మాట నిజం. లా డాక్టరేట్ మాత్రం 1598లో, దౌత్య బృందంతో ఫ్రాన్స్ వెళ్లినప్పుడు, ఓర్లియాన్‌లో పుచ్చుకున్నాడు. అప్పటికి అతనికి 15 ఏళ్లు. తర్వాతి తరంలో డచ్చి రాజనీతిజ్ఞుడు యోహాన్ డె విట్ కూడా లైడెన్‌లో చదివి, 1645లో ఫ్రాన్స్‌లోని ఆంజే నుంచి పట్టా తెచ్చుకున్నాడు.

ఇక 1631. రాజకీయ కక్షల్లో చిక్కి, 1619లో యావజ్జీవ ఖైదు పడి, గ్రోషియస్ లూవెస్టైన్ కోటలో ఉన్నాడు. చదువుకోవడానికి పుస్తకాలు పెట్టెల్లో వచ్చేవి. వాటిని ముందేసుకుని హాలండ్‌లో నిజంగా నడుస్తున్న చట్టాన్ని, రోమన్ న్యాయంతో పాటు స్థానిక ఆచారాలనూ శాసనాలనూ కలుపుకుని, ఒక క్రమంలో పెట్టాడు. అదీ డచ్చి భాషలో. 1621లో ఆ పుస్తకాల పెట్టెలోనే దాక్కుని తప్పించుకున్నాడు. ఆ రచన 1631లో అచ్చయింది. లైడెన్ విశ్వవిద్యాలయం పెట్టింది 1575లో. అంటే 56 ఏళ్లు గడిచినా ఆ దేశపు చట్టానికి ఆ దేశపు భాషలో సమగ్రమైన పుస్తకం ఆ సభల నుంచి రాలేదు. ఖైదీ రాయాల్సి వచ్చింది.

గ్రోషియస్ ఒక్కడే మినహాయింపు అనుకుందామన్నా కుదరదు. 1664లో ‘రోమన్-హాలండ్ న్యాయం’ అన్న పేరుతో గ్రంథం రాసిన సిమోన్ వాన్ లేవెన్ వకీలు. ఫ్రానెకర్ ప్రొఫెసర్ ఉల్రిక్ హూబర్ 1679 నుంచి 1682 దాకా ఫ్రీస్‌లాండ్ కోర్టులో న్యాయమూర్తిగా కూర్చుని వచ్చాక, వర్తమాన న్యాయం మీద తన డచ్చి గ్రంథాన్ని 1686లో ప్రకటించాడు. 1806లో వ్యాపారుల కోసం చట్టాన్ని చేతిపుస్తకంగా కుదించిన వాన్ డెర్ లిండెన్ ఆమ్‌స్టర్‌డామ్ వకీలు.

వాదసభ నోటికి పదును పెట్టింది, కాదనను. లైడెన్ ప్రొఫెసర్ యోహానెస్ వూట్ లాటిన్‌లో రాసిన పాండెక్టుల (జస్టీనియన్ సంహితల్లో ఒక భాగం) వ్యాఖ్య (1698, 1704) దక్షిణాఫ్రికా, శ్రీలంక కోర్టుల్లో ఇప్పటికీ ప్రమాణమే. అయితే 18వ శతాబ్దం చివర్లో ప్రొఫెసర్ వాన్ డెర్ కేసెల్ అదే లైడెన్‌లో హాలండ్ చట్టాన్ని పాఠంగా చెప్పడానికి చేతపట్టింది ఏ డిస్ప్యుటేషన్ సంపుటాన్నో కాదు, 1631 నాటి ఆ జైలు పుస్తకాన్నే.

మన బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఏడాదికి మూడు మూట్ కోర్టులు, ఒక్కోదానికి పది మార్కులు. కల్పిత దావా, బట్టీపట్టిన ఇంగ్లిషు, అద్దె గౌను. కప్పు గెలిచి వచ్చిన కుర్రాడి చేతిలో అడంగల్ నకలు పెడితే ఏ గడిలో ఏముందో చెప్పలేడు. ఇదేమిటని అడిగితే లైడెన్ పేరు చెప్పి నోరు మూయించే పెద్దలు ఒక్కదానికి జవాబివ్వాలి. హాలండ్ రైతు గట్టు తగాదాకు అక్కరకొచ్చే పుస్తకం అంత ఘనమైన వాదసభల నుంచి 56 ఏళ్లలో ఎందుకు రాలేదు?