ఓటుంది, పోటీ చేసే హక్కు లేదు

పార్లమెంటు ఎన్నికలు వస్తే చాలు, సింగరేణి బొగ్గుబెల్టులో పాస్టర్ల ఆత్మీయ సమ్మేళనాలకు పార్టీలు షామియానాలు వేయిస్తాయి. ఏ సంఘంలో ఎన్ని ఓట్లు, ఎవరు చెబితే పడతాయి అన్న బేరాలు మొదలవుతాయి. ఈ బేరం ఆగాలి. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టి దానికి చోటిస్తున్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా రద్దు కావాలి.

అమెరికాలో తెల్లజాతి ఎవాంజెలికల్ క్రైస్తవుల్లో పదిమందికి సుమారు ఎనిమిదిమంది వరుసగా మూడు ఎన్నికల్లో ట్రంప్‌కే ఓటేశారు. ఇక్కడా అలాగే చర్చి చెబితే ఓటు పడుతుందని కొందరు ఆశపడుతున్నారు, కొందరు భయపెడుతున్నారు. తెలుగునేల అనుభవం వేరు. దేశదేశాల్లో సువార్త సభలు పెట్టిన కె.ఎ.పాల్‌కు 2022 మునుగోడు ఉపఎన్నికలో డిపాజిట్ దక్కలేదు. పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనమిచ్చిన జగన్ ప్రభుత్వం 2024లో 175 స్థానాలకు 11తో మిగిలింది.

గోదావరిఖని, రామగుండం ఉన్న పెద్దపల్లి లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వు. దాని పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాల్లో చెన్నూరు, బెల్లంపల్లి, ధర్మపురి కూడా అంతే. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కార్మికుడు ఈ రిజర్వుడు స్థానాల్లో ఎక్కడా నామినేషన్ వేయలేడు. మూడో పేరా ప్రకారం మొదట హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితుడిని బీసీ-సీలోకి నెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. పిల్లల చదువు, కొలువు పోతాయన్న భయంతో ఎందరో సర్టిఫికెట్‌లో హిందువులుగా ఉంటూ ఆదివారం ప్రార్థనకు వెళ్తున్నారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతమే. బయటికి చెప్పుకోలేని సంఖ్యను దళారి తనకు తోచినంత పెంచి అమ్ముకుంటాడు. తన మనిషిని నిలబెట్టుకోలేని సంఘానికి ఆ దళారే దిక్కవుతున్నాడు.

మతం మారితే కులం పోతుందన్న మాట పచ్చి అబద్ధం. ఊళ్లో వాడ మారదు, పిలుపు మారదు, చాలాచోట్ల శ్మశానమూ మారదు. మతంతో నిమిత్తం లేకుండా ఎస్సీ హోదా ఉండాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ కమిషన్ వేసి మళ్లీ మొదటికి తెచ్చింది. ఉన్న ఎస్సీల వాటా తగ్గుతుందన్న ఆందోళనను తేలిగ్గా తీసుకోలేం. అయితే వీరిలో చాలామంది ఇప్పటికే కాగితాల మీద ఎస్సీలుగానే ఉన్నారు. కొత్తగా చేరేవారి మేరకు వాటా పెంచడం ప్రభుత్వ బాధ్యత.

పాస్టర్లకూ ఒక మాట. మతం పేరిట ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. ఓటరు మతాన్ని చూపి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. గుడికీ మసీదుకూ ఇదే కట్టుబాటు. సింగరేణి పుట్టిన ఇల్లెందుకు దగ్గర్లోని దోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన వి.ఎస్.అజరయ్య, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా నిలబడ్డారు. ఆ సంప్రదాయానికి వారసులైనవాళ్లు మందిర వేదిక మీద పార్టీ పేరెత్తకూడదు.

2023 డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో కార్మికులు ఏఐటీయూసీని గెలిపించారు. అక్కడ మతాల పేరిట పోరు జరగలేదు. బొగ్గుబావిలో దిగేవాడికి కేంద్రంతో తేల్చుకోవాల్సినవి చాలానే ఉన్నాయి: శ్రావణపల్లి బ్లాకును సింగరేణికి నేరుగా ఇవ్వకుండా 2024లో వేలంలో పెట్టడం, రిటైరైన కార్మికుడి కనీస పింఛను వెయ్యి రూపాయల దగ్గరే ఆగిపోవడం. ఇకపై ప్రార్థన మందిరం గడప తొక్కే ప్రతి అభ్యర్థినీ వీటితోపాటు మూడో పేరా గురించీ అడగాలి. పెద్దపల్లి ఎంపీ గడ్డం వంశీకృష్ణ అంతవరకు ఆగనక్కర్లేదు. ఆ పేరా రద్దుకు లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టాలి.