కార్చిచ్చుకు దోషులు ఆడవాళ్లేనా?

కిందటి వేసవిలో ఒక జిల్లా కేంద్రంలో జరిగిన సమావేశానికి నన్ను పిలిచారు. "అడవుల్లో అగ్నిప్రమాదాలు - మహిళల పాత్ర" అని బ్యానరు కట్టారు. (పక్కన మోదుగ పువ్వు బొమ్మ కూడా వేశారు.) గోడ మీద ఉపగ్రహం ఇచ్చిన పటం, దాని నిండా ఎర్ర చుక్కలు. చుక్కకొక మంట. మాట్లాడిన అధికారి చెప్పిందాని సారాంశం ఇది: ఇప్పపువ్వు కోసం, గడ్డి కోసం, కట్టెల కోసం అడవిలోకి వెళ్లే ఆడవాళ్లు తెలియక నిప్పు పెడుతున్నారు, వాళ్లకి అవగాహన కలిగించాలి. అందుకో చిన్న పుస్తకం నేను రాసిపెట్టాలి. రాయనన్నాను. కారణం చెప్పడానికి ఐదు నిమిషాలిచ్చారు. అక్కడ మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఎర్ర చుక్క మంట ఎక్కడుందో చెబుతుంది. ఎవరు పెట్టారో చెప్పదు. అంత పెద్ద మంట ఎందుకైందో అసలే చెప్పదు. బీడీ ముక్క వల్ల అంటుకున్నా, ఇప్పచెట్టు కింద పెట్టిన నిప్పు వల్ల అంటుకున్నా, అది ఎంతదూరం పోతుందన్నది నేల మీద ఏం పేరుకుని ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. నల్లమల లాంటి ఆకురాల్చే అడవిలో ఫిబ్రవరి నుంచి ఆకు రాలుతుంది. నడుము ఎత్తు గడ్డి ఎండిపోతుంది. విరిగిపడిన కొమ్మలు, చితుకులు వాటి మీద పడతాయి. శాస్త్రజ్ఞులు దీన్ని ఇంధన భారం అంటారు. నిప్పురవ్వను ఎవరూ పూర్తిగా ఆపలేరు. ఈ భారాన్ని తగ్గించవచ్చు.

ఇన్నాళ్లూ దీన్ని తగ్గించిందెవరు? నల్లమలలో చెంచుల గూడేలను పెంటలంటారు. అక్కడ నేను గడిపిన రోజుల్లో చూసిన పనులు చెబుతాను. గుడిసె కప్పుకి బోదగడ్డి కోసి మోసుకొచ్చేది ఆడవాళ్లు. చితుకులేరి మోపు కట్టేది ఆడవాళ్లు. గుడిసెల చుట్టూ, బాట వెంట, పువ్వు రాలే ఇప్పచెట్ల కింద ఎండుటాకు ఊడ్చి కుప్పవేసేది ఆడవాళ్లు. వీటిలో ఏ ఒక్కదానికీ అగ్నినివారణ అనే పేరు లేదు. అది ఇంటిపని. ఇంటిపనికి లెక్కలేదు, కూలి లేదు, నిపుణత ఉందన్న గుర్తింపు అంతకన్నా లేదు. వంటింట్లో మన శ్రమకి ఏ గతి పట్టిందో అడవిలో వాళ్ల శ్రమకీ అదే గతి.

పైగా అది నేరమయింది. గడ్డి కోస్తే కేసు, కట్టె తెస్తే కొడవలి లాక్కోవడం. పేరుకున్నదాన్ని తీసే చేతుల్ని చట్టం వెనక్కి తోసింది, పేరుకున్నది అంటుకున్నాక మళ్లీ ఆ చేతుల్నే పట్టుకుంది. చాలా రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షను చదవండి. అడవిలో ఏ హక్కు వాడుకునేవాళ్లయినా, ఏ ఉత్పత్తి తీసుకునే అనుమతి ఉన్నవాళ్లయినా, మంట లేస్తే ఆర్పడానికి రావలసిందే. రాకపోతే శిక్ష. కూలి ఊసు ఆ సెక్షనులో లేదు. తెల్లదొరలు రాసిన వెట్టి ఇది. స్వతంత్రం వచ్చాక కూడా దీన్ని చెరపలేదు.

ఇంకో ద్వంద్వ నీతి చూడండి. అటవీశాఖ తానే నిప్పు పెడుతుంది. వేసవి ముదరకముందే ఫైర్ లైన్ల మీద గడ్డీ ఆకూ చేర్చి, కాపలా ఉండి కాలుస్తుంది. అది సరైన పద్ధతే, నేను కాదనను. శీతకాలం చివర, తెల్లవారుజామున, మంచు తడి ఆరకముందు పెట్టిన మంట చీలమండ ఎత్తున పాకి ఆరిపోతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో లేచిన మంట వేరు. ఈ తేడా నాకు చెప్పింది ఒక చెంచు అవ్వ. "ఆకు మెత్తగున్నప్పుడు కాల్చాలమ్మా, గలగలమన్నప్పుడు ముట్టుకోకూడదు" అంది. శాఖ చేస్తే యాజమాన్యం, అవ్వ చేస్తే అజ్ఞానం!

నిషేధం ఎటు తీసుకుపోతుందో కర్ణాటకలోని బిళిగిరిరంగన కొండల్లో చూశాం. అక్కడి సోలిగలు ఏటా ముందుగానే ఆకుతుక్కుని తేలిగ్గా కాల్చేవాళ్లు. 1974లో ఆ అడవిని అభయారణ్యం చేశాక అది ఆగింది. తర్వాతి దశాబ్దాల్లో లాంటానా కంప, మనవైపు తలంబ్రాల చెట్టు అంటారే, అదే, అడవి అడుగంతా అల్లుకుపోయింది. అది ఎండితే నేల మీది మంటకి కొమ్మల్లోకి ఎక్కే నిచ్చెన దొరికినట్టే. మంటలు ఆపడం వల్లే కంప పెరిగిందని సోలిగలు అంటారు. కారణాలు ఇంకా ఉన్నాయనే పరిశోధకులూ ఉన్నారు. వాదన జరగనివ్వండి, కానీ ఆ వాదనలో సోలిగల మాటకి చోటు దొరకడానికి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. 2011లో వాళ్లకి సామూహిక అటవీ హక్కులొచ్చాయి, అదీ పులుల అభయారణ్యంలో.

ఇక ఉత్తరాఖండ్. అక్కడ చీడ్ దేవదారు సూదులు, పిరుల్ అంటారు, వేసవిలో కొండంతా పరుచుకుంటాయి. రైలు స్లీపర్ల కోసం, జిగురు కోసం బ్రిటిషువాళ్లు ఆ చెట్టుకి పెద్దపీట వేశారు. 2024 మేలో మంటలు దేశమంతా వార్తయ్యాక, పిరుల్ ఏరి తెస్తే కిలోకి మూడు రూపాయలున్న ధరను యాభై చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అంటే ఏరడం ఒక పని, దానికో విలువ ఉంది అని ఒప్పుకున్నట్టే కదా! మంట ఇళ్ల దాకా వచ్చాక గానీ ఆ ఒప్పుకోలు రాలేదు. ఆ జూన్‌లోనే బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పబోయి నలుగురు అక్కడికక్కడే చనిపోయారు. వాళ్లలో ఒక ఫైర్ వాచరు, ఒక రోజుకూలీ ఉన్నారు. నేను వెళ్లిన పెంటల్లో ఫైర్ వాచర్లు వేసవి నెలలకే పనిలో ఉండేవాళ్లు, కాళ్లకి హవాయి చెప్పులతో, చేతిలో పచ్చి మండతో. వాచర్లందరూ మగవాళ్లే. ఊడ్చే పని ఆడవాళ్లది, జీతం వచ్చేసరికి పేరు మగవాడిది.

ఇదంతా విని, కట్టెమోపు మోయడం గొప్ప సంస్కృతి అని నేనంటున్నానని అనుకోవద్దు. ఆ మోపు మెడ నరాలు ఏం చేస్తుందో నాకు తెలుసు. గ్యాసు పొయ్యి రావాలి. ఆదివాసీ స్త్రీలంతా ఒకటే మాట మీద ఉంటారనీ అనను. కొండల్లో కొత్తగడ్డి మొలవాలని పిరుల్‌కి నిప్పు పెట్టే ఆడవాళ్లున్నారు. ఇప్పచెట్టు కింద పెట్టిన మంట అదుపు తప్పిన సందర్భాలూ ఉన్నాయి. మరి గ్యాసు వచ్చి ఆమె చితుకులకి వెళ్లడం మానేశాక ఆ చితుకులు ఎవరు తీస్తారు? పెంటల్ని పులుల అడవి నడిబొడ్డు నుంచి బయటికి పంపాలంటున్నారే, పంపాక ఆ బాటలు ఎవరు ఊడుస్తారు? కాంట్రాక్టరు ఆకులూదే యంత్రం తెస్తాడని జవాబు. బడ్జెట్టు ఆలస్యమైన ఏడాది?

చట్టం చేతిలోనే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకిచ్చింది. హాజరైనవాళ్లలో మూడోవంతు స్త్రీలు లేనిదే కోరం లేదన్నది 2012 సవరణ. ఏ గట్టున ఎప్పుడు గడ్డి కొయ్యాలి, ఎక్కడ ముందుగా కాల్చాలి, ఎక్కడ నిప్పు తగలకూడదు అన్నది ఆ సభ తేల్చాలి. తేల్చిన పనికి కూలి, బూట్లు, నీళ్లు, బీమా శాఖ ఇవ్వాలి. వాచర్లలో సగం స్త్రీలుండాలి. గడ్డి కోసినందుకు, కట్టె తెచ్చినందుకు పెట్టిన కేసులు ఎత్తెయ్యాలి. పుస్తకం రాయమంటే ఇవన్నీ రాస్తానని ఆ అధికారికి ఉత్తరం పంపాను, బీటు సిబ్బందికి పాఠం చెప్పే పుస్తకంగా. చెప్పేవాళ్లుగా పెంటల నుంచి ముగ్గురు స్త్రీల పేర్లు సూచించి, రోజుకి ఎంత ఇవ్వాలో కూడా రాశాను. జవాబు రాలేదు. ఫిబ్రవరి రాకముందు ఇంకోసారి రాస్తాను.