మట్టిని మోసుకెళ్లారు, రేసుని వదిలేశారు

మన హాస్టల్లో రేసింగ్ అంటే ఫార్ములా వన్నే. నాస్కార్ పేరెత్తితే "ఎడమవైపుకి తిరగడమే కదరా" అని ఒక జోకు, అక్కడితో సరి. అందులోనూ ట్రక్ సిరీస్ అంటే ఇంకా చిన్నచూపు. ట్రక్ అంటే మన లారీ కాదు, పికప్ బండి తొడుగు వేసుకున్న రేసు కారు. 1995లో మొదలైన ఈ సిరీస్ నాస్కార్ మెట్లలో మూడోది. అందులో ఏడేళ్లు మాత్రమే జరిగి ఆగిపోయిన ఎల్డోరా రేసు గురించి ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: దాన్ని చంపింది నష్టాలో ప్రమాదాలో కాదు, ఆ రేసులో జనానికి నచ్చింది మట్టి ఒక్కటే అనుకోవడం.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో, చుట్టూ పొలాలు తప్ప ఏమీ లేని చోట ఎల్డోరా స్పీడ్‌వే ఉంది. ఎర్ల్ బాల్టెస్ అనే బ్యాండ్ సంగీతకారుడు 1954లో డాన్స్ హాల్ పక్క స్థలంలో దీన్ని కట్టాడు. ఇప్పుడది అర మైలు, అంటే సుమారు 800 మీటర్ల బంకమట్టి ట్రాక్. 2004లో టోనీ స్టీవార్ట్ కొన్నాడు. స్వయంగా మూడుసార్లు కప్ ఛాంపియన్, మట్టి మీద పెరిగినవాడు. 2013 జులై 24, బుధవారం రాత్రి నాస్కార్ ట్రక్కులు అక్కడ దిగాయి. నాస్కార్ జాతీయ స్థాయి రేసు మట్టి మీద జరగడం 1970 సెప్టెంబర్ తర్వాత అదే మొదలు. ఆనాటి రాలీ రేసు గెలిచింది రిచర్డ్ పెట్టీ. మధ్యలో 43 ఏళ్లు.

మట్టి అనగానే తేలిగ్గా తీసుకోకండి, మన బ్రాంచి వాళ్లకి ఇది పండగ. తారురోడ్డు మీద ఘర్షణ గుణకం కొంచెం అటూ ఇటూగా స్థిరంగా ఉంటుంది. ఇక్కడ ల్యాపు ల్యాపుకీ మారుతుంది. సాయంత్రం నీళ్లు కొట్టిన బంకమట్టి టైరుని పట్టుకుంటుంది. బళ్లు తిరిగే కొద్దీ తడి ఆరి, మధ్యలో నున్నగా అద్దంలా అవుతుంది. లేచిన వదులు మట్టి అంతా పైకి జరిగి గోడ పక్కన గట్టులా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. వెనక కుడి టైరుని ఆ గట్టుకి ఆనించి తిరిగితే వేగం వస్తుంది. జానెడు ఎక్కువ వెళ్తే గోడే. ఈ ట్రాక్‌కి అలవాటైన స్ప్రింట్ కార్ల బరువు ట్రక్కులో సగం కూడా ఉండదు. టన్నున్నర ట్రక్కుని అక్కడ అడ్డంగా జార్చుకుంటూ తిప్పడం చూస్తే ఏనుగు స్కేటింగ్ చేస్తున్నట్టే ఉంటుంది.

అయితే నన్ను కట్టిపడేసింది ఇదేదీ కాదు, అసలు రేసులోకి వచ్చే దారి. మామూలు నాస్కార్‌లో గడియారంతో పోటీపడి గ్రిడ్‌లో చోటు తెచ్చుకుంటారు, పాయింట్లు ఉన్న టీమ్‌కి భరోసా కూడా ఉంటుంది. ఎల్డోరాలో మట్టి ట్రాకుల పాత పద్ధతి పెట్టారు. ముందు చిన్న చిన్న హీట్ రేసులు. వాటిలో మిగిలిపోయినవాళ్లకి చివరి అవకాశం రేసు. అందులో మొదటి ఐదుగురు లోపలికి, మిగతావాళ్లు ఇంటికి.

2013లో ఆ చివరి అవకాశం రేసులో నార్మ్ బెన్నింగ్ ఉన్నాడు. వయసు 61. సొంత ట్రక్కు, సొంత డబ్బు, పెద్ద కంపెనీ వెనక లేదు. ఏళ్ల తరబడి రేసుల్లో చివరి వరుసల్లో తిరిగిన మనిషి. ఐదో స్థానంలో ఉన్నాడు, అంటే ఆఖరి టికెట్ చేతిలో ఉంది. వెనక క్లే గ్రీన్‌ఫీల్డ్. చివరి ల్యాపుల్లో గ్రీన్‌ఫీల్డ్ గుద్దుతూనే ఉన్నాడు, బెన్నింగ్ బండి గోడని రాసుకుంటూనే ఉంది, స్టాండ్స్‌లో జనం లేచి నిలబడ్డారు. పెద్దాయన వదల్లేదు. ఆ ఐదో స్థానంతోనే గీత దాటి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గ్రీన్‌ఫీల్డ్‌కి ఏ వేలు చూపించాడో ఈ-పత్రికలో రాయలేను. వీడియో చూడండి.

ఆ రాత్రి అసలు రేసు గెలిచింది ఆస్టిన్ డిల్లన్. బెన్నింగ్ ముందు వరుసల దరిదాపుల్లోకి కూడా రాలేదు. అయినా ఆ రేసు సంగతి వస్తే జనం ముందు చెప్పుకునేది బెన్నింగ్ కథే.

ఇది నాకు ఎందుకు అంత పట్టిందో చెప్పాలి. నాకు తెలిసిన ఒక స్టూడెంట్ రేసింగ్ టీమ్‌లో ఈ ఏడు సెలెక్షన్ అంతా ఒక ఆన్‌లైన్ ఫారంతో ముగిసింది. సీజీపీఏ కటాఫ్, అంతే. వెల్డింగ్ మెషీన్ దగ్గర చెయ్యి వణక్కుండా పైపు అతికించగల ఒక జూనియర్, రెండు బ్యాక్‌లాగ్‌లున్నాయని ఫారం దగ్గరే ఆగిపోయాడు. షెడ్డులో ఒక్క సాయంత్రం అందరికీ పైపు ముక్కలిచ్చి చూస్తే తేలిపోయే విషయం. "అంత టైమ్ ఎక్కడిది బ్రో" అన్నారు. నిజమే, టైమ్ పడుతుంది. ఎల్డోరాలో కూడా పట్టేది. పైగా హీట్ రేసులో బండి గుద్దుకుంటే ఖర్చు టీమ్‌దే. ఆ ఖర్చు సంగతి నేను కొట్టిపారేయను, చిన్న టీములకి అది ప్రాణసంకటం. కానీ తలుపు తెరిచి ఉంచాలంటే ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి కదా.

తర్వాతి ఏళ్లని త్వరగా దాటేస్తా. 2014లో బబ్బా వాలెస్ గెలిచాడు. అతన్ని తరుముతూ కైల్ లార్సన్ గోడకి పదేపదే రాసుకుని బండి పాడుచేసుకున్నాడు, మళ్లీ 2016లో వచ్చి గెలుచుకున్నాడు. మధ్యలో 2015 క్రిస్టఫర్ బెల్‌ది, 2017 మాట్ క్రాఫ్టన్‌ది. 2018లో చేజ్ బ్రిస్కో 0.038 సెకన్ల తేడాతో బయటపడ్డాడు. 2019లో కెనడా మట్టి ట్రాకుల పాతకాపు స్టీవార్ట్ ఫ్రీసెన్‌కి ఇక్కడే సిరీస్‌లో మొదటి గెలుపు దక్కింది.

2020 కోవిడ్‌లో పోయింది. 2021 క్యాలెండర్‌లో ఎల్డోరా లేదు. ఆ రేసుని ఐయోవాలోని నాక్స్‌విల్‌కి మార్చారు. అదీ మట్టి ట్రాకే, స్ప్రింట్ కార్లకి పుణ్యక్షేత్రం లాంటిది. కాబట్టి అక్కడ మట్టి నకిలీదని ఎవరూ అనలేరు. కానీ రెండేళ్లకే, 2022తో, అదీ ఆగింది. ఏటా జరిగే దానికి మట్టి ఎంత ముఖ్యమో, "జులైలో బుధవారం రాత్రి, అక్కడికే" అనే అలవాటూ అంతే ముఖ్యం. రెండేళ్లలో ఏ ఊరికి ఆ అలవాటు అవుతుంది? తిరునాళ్లని ఒక ఏడు ఒక ఊళ్లో, ఇంకో ఏడు ఇంకో ఊళ్లో పెడితే బళ్లు కట్టుకుని ఎవరొస్తారు!

ఇక బ్రిస్టల్. టెనెసీలో కాంక్రీటు ట్రాక్. 2021లో దాని మీద రెండు వేల పైచిలుకు లారీల మట్టి తెచ్చి పోశారు. కప్ రేసు, ట్రక్ రేసు రెండూ దాని మీదే. ఇంజినీరింగ్‌గా చూస్తే అద్భుతమే, సివిల్ వాళ్లు గర్వపడొచ్చు. కానీ ఆ వారాంతం వాన పడింది. ట్రక్కుల హీట్ రేసులు రద్దయి, రేసు సోమవారానికి పోయింది. నాకైతే ఆ రద్దులోనే మొత్తం తేడా కనిపించింది. వాన ఎవరి తప్పూ కాదు. కానీ హీట్ రేసులు లేకపోయినా ప్రోగ్రాం ఏమీ ఆగలేదు, గ్రిడ్ కాగితం మీద తయారైపోయింది. ఆ సోమవారం ట్రక్ రేసు గెలిచింది కప్ స్టార్ మార్టిన్ ట్రూయెక్స్. 2023లోనూ అంతే, జోయ్ లొగానో.

2024లో బ్రిస్టల్ మళ్లీ కాంక్రీటుకి వెళ్లిపోయింది. ఎల్డోరాలో మాత్రం 1971లో మొదలైన వరల్డ్ 100 ఇప్పటికీ సెప్టెంబర్‌లో జరుగుతుంది. ట్రక్కులు రావు. బళ్లు ట్రైలర్ల మీద వేసుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు, హీట్ రేసులు ఆడతారు, మిగిలినవాళ్లు ఇంకో రేసు ఆడతారు, చాలామంది అర్ధరాత్రి బండి మళ్లీ ట్రైలర్ ఎక్కించుకుని ఇంటికెళ్తారు.