హార్స్‌పవర్ చూసి కొనకండి

రేడియో కంట్రోల్ కారుకు నైట్రో ఇంజన్ కొనేవారి కళ్లు ముందుగా పెట్టె మీది హార్స్‌పవర్ అంకె మీదే పడతాయి. చూడాల్సింది అది కాదు.

సైజు ఎలాగూ కారును బట్టే ఉంటుంది: పందేల్లో 1/8 బగ్గీకి 3.5 సీసీ, 1/10 టూరింగ్ కారుకు 2.1 సీసీ. అసలు సంగతి లోపలుంది. చాలా ఇంజన్లలో పిస్టన్ కదిలే గొట్టం, అంటే క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవ్, లోపలివైపు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. అందుకే కొత్త ఇంజన్‌ను చేత్తో తిప్పితే పిస్టన్ పైదాకా వచ్చి బిగుసుకుంటుంది. వేడెక్కితేనే సరిగ్గా అమరుతుంది. మొదటి కొన్ని ట్యాంకులు ఇంధనం పాలు పెంచి, నూనె పొగ కక్కిస్తూ నెమ్మదిగా నడపాల్సిందే. ఆ ఓపిక లేకపోతే ఎంత ఖరీదైన ఇంజనైనా త్వరగా అరిగిపోతుంది.

కొత్తవారికి స్లీవ్‌లో మూడు పోర్టులు (రంధ్రాలు) ఉన్న ఇంజన్ చాలు. ట్యూనింగ్‌కు సులువుగా లొంగుతుంది, సాధారణంగా ఇంధనమూ తక్కువే తాగుతుంది. డబ్బు కట్టే ముందు గ్లో ప్లగ్, బేరింగులు, కనెక్టింగ్ రాడ్ విడిగా దొరుకుతాయో లేదో దుకాణంలో అడగండి.