ఒకే యంత్రమున రెండు వ్యవస్థలు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ పోషణము ముగిసినది. తరువాతిదగు విండోస్ 11 నకు టీపీయమ్ 2.0 అను భద్రతాసాధనమును, నిర్ణీతమైన ప్రాసెసరును ఉండవలయునని వారి నియమము. అందుచేత చెడిపోని కంప్యూటరులు సైతము పనికిమాలినవిగా నెంచబడుచున్నవి. మన పఠనమందిరములందును, పాఠశాలలందును ఇట్టివి లేకపోలేదు.

వానిని పాతసామానుల వర్తకునకు అప్పగించుటకు ముందు యజమానులు ఒక్క సంగతి యాలోచింపవలయును. ఒకే యంత్రమున రెండు ఆపరేటింగ్ సిస్టములను నిలుపవచ్చును. హార్డ్ డిస్కును భాగించి, ఒక భాగమున విండోసును అట్లే యుంచి, రెండవదానియందు లినక్సును స్థాపింతురు. యంత్రమును ప్రారంభించినపుడు గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము, ఏది కావలయునని యజమానిని అడుగును. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ లినక్సునకు పై నియమములు లేవు. దాని సోర్సు కోడును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును.

విండోసు లేనిదే కొన్ని పనులు జరుగవని కొందఱందురు. నిజమే. మన వర్తకులు వాడు ట్యాలీ విండోసునకై రచింపబడినది. కావుననే రెండవదానిని ప్రక్కన నిలుపుడనుచున్నాము గాని, మొదటిదానిని వెడలగొట్టుడనుట లేదు. అంతర్జాల వ్యవహారములను లినక్సునందు జరుపుకొని, పోషణము లేని విండోసును ఆ పనులకే పరిమితము చేయుట క్షేమము. డిస్కును భాగించుటకు ముందు దస్త్రములను వేఱొకచోట భద్రపఱచుకొనుటయు, బిట్‌లాకర్ తాళము వేసియున్నచో దాని రికవరీ సంఖ్యను వ్రాసియుంచుకొనుటయు మఱువరాదు.

అయితే ఇందు పెద్ద ప్రశ్న యొకటి గలదు. 2024 ఆగస్టు 13వ తేదీన మైక్రోసాఫ్టువారు పంపిన సవరణ, రెండు వ్యవస్థలున్న యంత్రములకు వర్తింపదని వారే చెప్పియుండినను, అనేకచోట్ల లినక్సును లేవనీయలేదు. గ్రబ్ నందలి దోషమును దుర్జనులు వాడుకొనకుండ అరికట్టుట వారి యుద్దేశము. ఆ యుద్దేశమును మేము నిందింపము. కాని పూర్తి పరిష్కారము 2025 మే నెలకుగాని రాలేదు.

దీనికి మూలమును గ్రహింపవలయును. సెక్యూర్ బూట్ అను కావలి, తానెఱిగిన సంతకము గల ప్రోగ్రామునే లోనికి విడుచును. 2012 తరువాత వచ్చిన యంత్రములలో అధికభాగమున ఆ కావలి యెఱిగిన సంతకము మైక్రోసాఫ్టువారిది. లినక్సు సైతము సాధారణముగ వారి సంతకముతోనే ప్రవేశించుచున్నది. వెలయిచ్చి కొన్న యింటి తాళపుచెవి పరుల రొంటినుండుట గృహస్థునకు తగునా?

చాల కంప్యూటరులందు యజమాని తన తాళపుచెవిని చేర్చుకొనుటకు, అవసరమగుచో కావలిని ఆపుటకును వీలు గలదు. ఆ వీలున్నదో లేదో కొనుటకు ముందే విచారింపవలయును. విద్యాశాఖలును, గ్రంథాలయ సంస్థలును తమ కొనుగోలు షరతులలో దీనిని చేర్చవలయునని మేము గట్టిగా కోరుచున్నాము. కావలి యుండుట మంచిదే. కాని అది ఇంటివాని యాజ్ఞకు లోబడి యుండవలయును.